బాథర్‌స్ట్ చౌక్‌లో లేని యుద్ధం

"ఇక్కడ చరిత్ర ఏముంది బావా, తిప్పికొడితే రెండొందల ఏళ్లు!"

కర్నూలు నుంచి సిడ్నీ చూడ్డానికి వచ్చిన మా బావమరిది మాట ఇది. అతనొక్కడిదే కాదు, ఇక్కడ ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ మనవాళ్లలో చాలామంది అభిప్రాయం కూడా ఇదే. గోల్కొండ, ఓరుగల్లు చూసి పెరిగిన కళ్లకి ఓ పాత ఇటుకల పోస్టాఫీసు ముందు 'హెరిటేజ్' బోర్డు కనబడితే నవ్వు రాక ఏమవుతుంది? ఆ నవ్వుతో నాకు పేచీ లేదు. ఉన్న ఆ రెండొందల ఏళ్లనైనా సరిగ్గా లెక్కపెట్టారా అన్నదే నా పేచీ. లెక్కలో ఎక్కడ కోత పడిందో తెలియాలంటే సిడ్నీకి పడమరగా, బ్లూ మౌంటెన్స్ దాటి రెండొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న బాథర్‌స్ట్ వెళ్లాలి.

బాథర్‌స్ట్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి రెండు. ఒకటి కొండ మీది కార్ రేసు. రెండోది చార్లెస్ స్టర్ట్ యూనివర్సిటీ. అక్కడ చదువుకున్న తెలుగు పిల్లలు మీకూ ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. ఈ స్టర్ట్ అనే ఆయన సంగతి తర్వాత చెప్తాను, ఆయన మనకు అనుకున్నంత దూరం వాడేం కాదు.

ఊరి నడిబొడ్డున కింగ్స్ పరేడ్ అని ఒక పార్కు. అక్కడ మూడు కట్టడాలు ఉన్నాయి. మధ్యలో ఎత్తైన గంటల గోపురం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల జ్ఞాపకంగా కట్టి 1933లో తెరిచారు. ఒక పక్క దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి వెళ్లినవాళ్ల స్తంభం. మరో పక్క జార్జ్ ఎవాన్స్ విగ్రహం. 1813 చివర్లో కొండలు దాటి ఈ మైదానాన్ని చూసిన మొదటి తెల్ల సర్వేయరు ఈయనే. ఆయన నిటారుగా నిలబడి ఉంటాడు, కాళ్ల దగ్గర ఒక ఆదివాసీ మనిషి ఒదిగి ఉంటాడు. శిల్పి ఏ ఉద్దేశంతో చేశాడో గానీ, ఊరు తన చరిత్రను ఎలా చెప్పుకోవాలనుకుందో ఆ ఇద్దరి ఎత్తుల్లోని తేడా చూస్తే అర్థమైపోతుంది. సర్వేయరు వచ్చాడు, చూశాడు, ఊరు పుట్టింది. సైనిక చరిత్ర మాత్రం ఎక్కడో సముద్రాల అవతల జరిగింది. పార్కు చెప్పే కథ ఇంతే.

అయితే ఈ జిల్లాలో మొదటి యుద్ధం జరిగింది దక్షిణాఫ్రికాలో కాదు, ఇక్కడే. 1824లో. సాక్షాత్తూ గవర్నరే మార్షల్ లా ప్రకటించి, రెగ్యులర్ రెజిమెంట్ సైనికులను పంపి నడిపిన యుద్ధం. దానికి ఆ పార్కులో ఒక్క రాయి కూడా దక్కలేదు. దక్కాలి అన్నదే ఈ వ్యాసం.

మొదట్నుంచి చూద్దాం. విలియం కాక్స్ అనే అధికారి, ఇంగ్లండ్ నుంచి శిక్ష వేసి పంపిన ఖైదీల్లో ముప్ఫై మంది దాకా తీసుకుని 1814 జూలైలో మొదలుపెట్టి, 1815 జనవరికల్లా కొండల మీదుగా నూట అరవై కిలోమీటర్ల బండి బాట వేయించాడు. ఆరు నెలల్లో! పని పూర్తిచేసిన ఖైదీలకు ప్రతిఫలంగా విడుదల దొరికింది. ఆ బాట మీదే గవర్నర్ మెక్వారీ వచ్చి 1815 మే 7న జెండా ఎగరేసి ఊరికి పేరు పెట్టాడు. ఎవరి పేరు? లండన్‌లో కూర్చున్న ఎర్ల్ బాథర్‌స్ట్ పేరు. ఆయన ఏ శాఖ మంత్రి అంటే, యుద్ధానికీ వలస రాజ్యాలకూ కలిపి ఒకే శాఖ, దానికి మంత్రి. ఆ రెండు పనులూ ఒకే బల్ల మీద జరిగేవి. ఈ ఊరి పేరే ఒక యుద్ధ మంత్రి పేరని తెలిశాక 'ప్రశాంతమైన పల్లె పట్టణం' అన్న టూరిస్టు మాట కాస్త పలచబడుతుంది.

ఆ మైదానం ఖాళీగా లేదు. విరాజురీలు అనే ఆదివాసుల నేల అది. మనం మెక్వారీ నది అనేది వాళ్లకు వంబూల్. మెక్వారీ ఉన్నన్నాళ్లూ భూములు ఆచితూచి ఇచ్చాడు. 1818లో పదిమందికి, తలా యాభై ఎకరాలు, నదికి అవతలి ఒడ్డున. అంతవరకు రెండు వర్గాలూ ఎలాగో సర్దుకుపోయాయి. 1821 చివర్లో కొత్త గవర్నర్ థామస్ బ్రిస్బేన్ రావడంతో గేట్లు ఎత్తేశారు. ఈయన ఖగోళ శాస్త్రం అంటే ప్రాణం పెట్టే మనిషి. రాగానే పారమట్టాలో వేధశాల కట్టించుకున్నాడు. నక్షత్రాలను అంత శ్రద్ధగా లెక్కపెట్టిన మనిషి కింద నేల మీద ఎవరున్నారో లెక్క చూసుకోకుండా భూములు పంచేశాడు. 1820లో ఆ ప్రాంతంలో తెల్లవాళ్లు 114 మంది. 1824కి 1,267. వాళ్లతోపాటు గొర్రెలు, పశువులు వేలకు వేలు వచ్చిపడ్డాయి. విరాజురీ ఆడవాళ్లు కర్రలతో తవ్వుకునే దుంపల గడ్డలన్నీ గొర్రెల నోట్లోకి పోయాయి. కంగారూలు, పోసమ్‌లు తరిగిపోయాయి. నీటి ఒడ్డు ఉన్న చోటల్లా ఎవరో ఒకరి గుడిసె వెలిసింది. తిండి పోయాక తిరగబడకుండా ఎవరుంటారు?

ఆ జిల్లాలో తరతరాలుగా చెప్పుకునే బంగాళదుంపల కథ ఒకటి ఉంది. నది పక్కన ఒక రైతు, తన పొలం మీదుగా పోతున్న విరాజురీలకు కొన్ని దుంపలు ఇచ్చాడు. మర్నాడు వాళ్లు మళ్లీ వచ్చి తామే తవ్వుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల లెక్కలో అది దొంగతనం కాదు. తమ నేలలో మొలిచింది, పైగా నిన్న ఇచ్చినవాడే కదా. రైతు మనుషుల్ని పోగేసుకొచ్చి తుపాకులు పేల్చాడు. కొంతమంది అక్కడికక్కడే పోయారు. ఈ గుంపులో విరాజురీల నాయకుడు విండ్రడైన్ కూడా ఉన్నాడంటారు.

విండ్రడైన్‌కు తెల్లవాళ్లు పెట్టిన పేరు 'శాటర్‌డే'. శనివారం! మనిషి పేరు పలకడం రాక వారం పేరు తగిలించారు. అంతకుముందే ఒకసారి పట్టుకుని, నెల రోజులపాటు సంకెళ్లలో ఉంచారు. అతన్ని లొంగదీయడానికి ఆరుగురు మనుషులు, బోలెడు తుపాకీ మడమ దెబ్బలు కావలసి వచ్చాయని 1824 జనవరిలో సిడ్నీ గెజిట్ పత్రికే రాసింది. ఆ మే నెలలో ఊరికి ఉత్తరాన మిల్లా మర్రా వైపు గొర్రెల స్థావరాల మీద దాడులు జరిగాయి. ఏడుగురు కాపరులు చనిపోయారు. చనిపోయినవాళ్లు ఎవరు? భూమి పట్టా ఉన్న దొరలు కాదు. వాళ్లు సిడ్నీలో ఉన్నారు. కూలికి కాదు, శిక్ష కింద గొర్రెలు కాస్తున్న ఖైదీలు. ఈ సంగతి మర్చిపోకూడదు, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ప్రతీకారం మొదలైంది. గుర్రాల మీద గుంపులుగా బయల్దేరి కనబడ్డవాళ్లను కాల్చడం. అలా ముగ్గురు విరాజురీ స్త్రీలను చంపిన కేసు ఒకటి మాత్రం సిడ్నీ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ముద్దాయిలు ఐదుగురు. అభియోగం హత్య కూడా కాదు, అంతకంటే చిన్నది. ఆ రోజుల్లో ఆ కాలనీలో క్రిమినల్ కేసుకు జ్యూరీ అంటే ఏడుగురు సైనికాధికారులు. ఆదివాసీ మనిషి కోర్టులో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే వీలు లేదు. మరి తీర్పు ఏం వస్తుంది? ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అది 1824 ఆగస్టు మొదట్లో. ఆగస్టు 14న, బ్లూ మౌంటెన్స్‌లోని మౌంట్ యార్క్‌కు పడమటి నేలంతటికీ మార్షల్ లా వచ్చింది.

ఇక్కడే నా వాదనకు కీలకం ఉంది. "అది యుద్ధం కాదు, శాంతిభద్రతల వ్యవహారం. సరిహద్దుల్లో జరిగిన చిల్లర గొడవలు. సైనిక చరిత్ర అనడం అతిశయోక్తి" అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చదువుకున్నవాళ్లే. వాళ్లను నేను బ్రిస్బేన్ సంతకం పెట్టిన ప్రకటన చదవమంటాను. శాంతి కాలంలో నడిచే మామూలు చట్టానికి మించి ఆదివాసుల మీద ఆయుధాలు వాడితేనే ఈ రక్తపాతం ఆగుతుందని అందులో రాసి ఉంది. శాంతి కాలపు చట్టం చాలదని గవర్నరే ఒప్పుకున్నాక అది ఏ కాలమో వేరే చెప్పాలా? మేజర్ మోరిసెట్ కింద 40వ రెజిమెంట్ సైనికులు డెబ్బై అయిదు మంది దాకా దిగారు. విండ్రడైన్‌ను పట్టిస్తే అయిదు వందల ఎకరాల బహుమానం అన్నారు. ఏ నేల కోసం గొడవో ఆ నేలే బహుమానం! మేజిస్ట్రేట్లను సైనికుల వెంట పంపారు. డిసెంబర్ 11న మార్షల్ లా ఎత్తేశారు. అంటే మొదలైన తేదీ ఉంది, ముగిసిన తేదీ ఉంది, కమాండర్ ఉన్నాడు, రెజిమెంట్ నంబరు ఉంది. ఇంకేం కావాలి యుద్ధం అనడానికి? తెల్లవాళ్లలో ఇరవై మంది దాకా పోయారు. విరాజురీలలో ఎంతమంది పోయారో ఎవరూ పద్దు రాసిపెట్టలేదు. పద్దు లేదు కాబట్టి యుద్ధం లేదనడం, రసీదు ఇవ్వలేదు కాబట్టి అప్పు తీసుకోలేదు అన్నట్టుంటుంది.

డిసెంబర్ 28న విండ్రడైన్ తన మనుషులతో కలిసి కొండలు దాటి, పారమట్టాలో గవర్నర్ ఏటా ఇచ్చే విందుకు నడిచొచ్చాడు. గడ్డి టోపీ, దాని మీద 'శాంతి' అని రాసిన చీటీ, ఒక చిన్న ఆకుల కొమ్మ. గెజిట్ విలేకరి అతని రూపాన్ని తెగ మెచ్చుకుంటూ రాశాడు. తల మీద బహుమానం ఉన్న మనిషి అలా పట్టపగలు గవర్నర్ ఎదుటికి రావడం ఓడిపోయినవాడి పనిలా నాకు అనిపించదు. సంధి చేసుకోవడానికి వచ్చిన నాయకుడి పని అది. అతని సమాధి బాథర్‌స్ట్ దగ్గర బ్రూస్‌డేల్ అనే పొలంలో ఉంది. సటర్ కుటుంబానిది ఆ పొలం. ఆ ఇంటి కుర్రవాడు విరాజురీలతో వాళ్ల భాషలో మాట్లాడేవాడు. దాడులు జరిగిన రోజుల్లో విండ్రడైన్ మనుషులు ఆ గుడిసె దాకా వచ్చి, ఏమీ చేయకుండా వెళ్లిపోయారు. 1954లో స్థానిక చరిత్ర సంఘం సమాధి దగ్గర ఫలకం పెట్టింది. మొదట్లో భయపెట్టినవాడు, తర్వాత వలసదారుల మిత్రుడు, నిజమైన దేశభక్తుడు అని ఆ ఫలకం సారాంశం. మిత్రుడయ్యాకే దేశభక్తుడయ్యాడన్నమాట! అయినా 1954లో ఆ మాట రాయడానికి కూడా గుండె కావాలి, కాదనను. చనిపోయిన ఏడాది విషయంలో మాత్రం ఫలకానికీ పత్రికకూ పొత్తు కుదరదు. ఫలకం 1835 అంటుంది. గెజిట్ అతని మరణవార్త వేసింది 1829లోనే.

ఇప్పుడు ఖైదీల సంగతి. "వలసదారులంటే అందరూ దొరలు కాదు, బెదిరించి ఓడెక్కించిన పేదవాళ్లు. వాళ్లను ఆక్రమణదారులనడం అన్యాయం" అనేది రెండో అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. అందుకే దీన్ని పక్కకు నెట్టకుండా పూర్తిగా చెప్పాలంటాను. 1830లో ఇదే జిల్లాలో ఖైదీలు తిరగబడ్డారు. నాయకుడు రాల్ఫ్ ఎంట్విసిల్. అంతకుముందు ఏడాది గవర్నర్ ఊరికి వస్తున్న వేళ నదిలో బట్టల్లేకుండా స్నానం చేస్తూ కనబడ్డాడని మేజిస్ట్రేట్ యాభై కొరడా దెబ్బలు వేయించాడట. ఎండాకాలంలో ఏరు కనబడితే దిగడం అంత నేరం! మర్నాటి ఏడు సెప్టెంబర్‌లో అదే మేజిస్ట్రేట్ పొలంలో తిరుగుబాటు మొదలైంది. తమతో రానన్న మేస్త్రీని కాల్చేశారు. పొలం నుంచి పొలానికి మనుషులు చేరారు. ఎంట్విసిల్ టోపీకి తెల్ల రిబ్బన్లు కట్టుకున్నాడు కాబట్టి రిబ్బన్ గ్యాంగ్ అన్నారు. వాళ్లను వెంటాడింది మౌంటెడ్ పోలీసులు, సిడ్నీ నుంచి వచ్చిన 39వ రెజిమెంట్ సైనికులు. ఈ మౌంటెడ్ పోలీసు దళం పుట్టింది 1825లో, విరాజురీ యుద్ధం మరుసటి ఏడాది, సైనికుల్లోంచే ఏరి గుర్రాలెక్కించి. అంటే ఆదివాసుల కోసం చేసిన ఆయుధం అయిదేళ్లు తిరగకుండా పేద తెల్లవాళ్ల మీదికే తిరిగింది. 1830 నవంబర్ 2న పదిమందిని బాథర్‌స్ట్‌లో బహిరంగంగా ఉరితీశారు. ఆ ఊళ్లో ఇప్పటికీ రిబ్బన్ గ్యాంగ్ లేన్ అని ఒక సందు ఉంది.

కాబట్టి పేద ఖైదీ కథను అడ్డం పెట్టి 1824ని దాచడం కుదరదు. రెండూ ఒకే కథ. ఒకే తుపాకీ రెండు వైపులా పేలింది.

ఇక మా బావమరిది దగ్గరికి, మన స్టర్ట్ దగ్గరికి. చార్లెస్ స్టర్ట్ ఈ 39వ రెజిమెంట్ కెప్టెనే. పుట్టింది బెంగాల్‌లో, కంపెనీ ఉద్యోగి కొడుకు. 1827లో ఖైదీల ఓడకు కాపలాగా సిడ్నీ వచ్చి, తర్వాత నదుల వెంట యాత్రలు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆ రెజిమెంట్ మన దేశానికి కొత్త కాదు. 1754లోనే భారతదేశంలో దిగిన మొట్టమొదటి బ్రిటిష్ రాజు సైన్యం అది. 'ఇండియాలో మొదట' అన్న అర్థం వచ్చే లాటిన్ మాటలు వాళ్ల నినాదం. ప్లాసీలో ఉన్నారు. ఆస్ట్రేలియాలో పని ముగిశాక 1832 ప్రాంతంలో మద్రాసు వైపు ఓడెక్కారు. ఇది ఆనాటి మామూలు రూటు. ఇంగ్లండ్ నుంచి ఖైదీలతో సిడ్నీ, అక్కడ కొన్నేళ్ల డ్యూటీ, అటు నుంచి ఇండియా. విరాజురీల మీదికి వెళ్లిన 40వ రెజిమెంట్ కూడా అలాగే బొంబాయి చేరి తర్వాత కాందహార్ దాకా వెళ్లింది. 39వది 1834లో కొడగు యుద్ధంలో పాల్గొంది. 1839లో ఎక్కడికెళ్లిందో చెప్తే బావమరిది కాఫీ కప్పు కింద పెట్టాడు.

కర్నూలు.

నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో గుట్టలకొద్దీ ఆయుధాలు పోగేశాడని కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యం వచ్చింది. కోట దక్కింది గానీ నవాబు, అతని రోహిల్లా, పఠాన్ సైనికులు ఊరి పక్కనే జొహరాపురంలో ఉన్నారు. 1839 అక్టోబర్‌లో అక్కడ జరిగిన పోరాటంలో మద్రాసు సిపాయిలతో కలిసి 39వ రెజిమెంట్ సైనికులు పాల్గొన్నారు. నవాబును పట్టి తిరుచిరాపల్లి పంపేశారు, మరుసటి ఏడే అక్కడ కత్తిపోటుకు చనిపోయాడు. కర్నూలు కంపెనీ ఖాతాలో పడింది. "జొహరాపురమా? మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు!" అన్నాడు మావాడు. రోజూ దాని మీదుగా తిరిగినవాడే, ఆ పేరుతో ఒక పోరాటం ఉందని ఎవరూ చెప్పలేదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు బాథర్‌స్ట్‌లో రిబ్బన్ గ్యాంగ్‌ను వెంటాడిన రెజిమెంటే అదని చెప్పేవాళ్లు అసలే లేరు. "వాళ్ల గొడవ మనకెందుకు" అనే మనవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ రెజిమెంట్ రికార్డులో వాళ్ల ఊరు ఒక పేజీ, మన ఊరు తర్వాతి పేజీ. పిల్లాడి డిగ్రీ సర్టిఫికెట్ మీద ఉన్న పేరు కూడా ఆ రికార్డులోదే.

మళ్లీ పార్కులోకి. "స్మారకాల్లో మార్పులు చేయకూడదు, పెద్దలు పెట్టింది పెట్టినట్టే ఉంచాలి" అనేది మూడో అభ్యంతరం. దీనికి జవాబు ఆ బోయర్ యుద్ధ స్తంభం మీదే చెక్కి ఉంది. పీటర్ హ్యాండ్‌కాక్ అని బాథర్‌స్ట్ ప్రాంతపు మనిషి, కమ్మరం తెలిసినవాడు, గుర్రాలకు లాడాలు కొట్టే పనిలో యుద్ధానికి వెళ్లి లెఫ్టినెంట్ అయ్యాడు. పట్టుబడ్డ బోయర్ ఖైదీలను కాల్చి చంపిన నేరానికి సైనిక కోర్టు మరణశిక్ష వేసింది. 1902 ఫిబ్రవరి 27న ప్రిటోరియాలో అతన్నీ, అదే కేసులో శిక్షపడ్డ తోటి అధికారి హ్యారీ మోరాంట్‌నూ కాల్చేశారు. ఆ శిక్షను ఖాయం చేసింది అక్కడి బ్రిటిష్ సైన్యాధిపతి లార్డ్ కిచెనర్. ఆ కిచెనరే, మధ్యలో ఏడేళ్లు మన దేశంలో సైన్యాధిపతిగా పనిచేసి, 1910 జనవరిలో బాథర్‌స్ట్ వచ్చి ఈ స్తంభాన్ని ఆవిష్కరించాడు. హ్యాండ్‌కాక్ పేరు దాని మీద లేదు. ఉంటే నేను ముసుగు తీయనని కిచెనర్ మొరాయించాడని ఊళ్లో కథ ప్రచారంలో ఉంది, దాన్ని చరిత్రకారులు నమ్మరు. ఏదైతేనేం, 1964లో ఊరు ఆ పేరును చేర్చింది. అతను బలిపశువయ్యాడని నమ్మేవాళ్లు ఉన్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదనలోకి నేను పోను. ఖైదీలను చంపిన కేసులో శిక్షపడ్డ మనిషికి, అరవై ఏళ్లు గడిచాక, సొంత ఊరివాడన్న ఒక్క కారణంతో ఆ రాతి మీద చోటు దొరికింది. అదే ఊరి నేల కోసం పోరాడి, చీటీ కట్టుకుని సంధికి నడిచొచ్చిన మనిషికి అక్కడ చోటు లేదు. రాయి మారదు అన్నది అబద్ధం. ఎవరి కోసం మారుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ మధ్య కొంత కదలిక వచ్చింది. 2022లో కాన్‌బెర్రాలోని వార్ మెమోరియల్, సరిహద్దు యుద్ధాల గురించి, అంటే ఆదివాసులకూ వలసదారులకూ మధ్య జరిగిన ఇలాంటి పోరాటాల గురించి, ఇంకా విస్తృతంగా చూపిస్తామని చెప్పింది. దాని మీద గొడవ కూడా జరిగింది. 2024 ఆగస్టులో, మార్షల్ లా వచ్చి రెండొందల ఏళ్లయిన సందర్భంగా, విరాజురీ పెద్దలు బాథర్‌స్ట్‌లో 'ధులుని' పేరుతో స్మరణ జరిపారు. ఊళ్లో తెల్లవాళ్లు కూడా వెళ్లారు, ఆకాశమేమీ ఊడిపడలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఎవాన్స్ విగ్రహాన్ని పడగొట్టమనను, అది అలా ఉంటేనే ఆనాటి మనసు ఎలా ఉండేదో తెలుస్తుంది. గంటల గోపురానికీ స్తంభానికీ మధ్య గడ్డిలో బోలెడు ఖాళీ ఉంది. అక్కడ మిగతా రాళ్లతో సమాన ఎత్తులో ఇంకో రాయి పెట్టాలి. దాని మీద 1824 ఆగస్టు 14, డిసెంబర్ 11 తేదీలు, 40వ రెజిమెంట్ పేరు, కోర్టు రికార్డులోకి ఎక్కిన ముగ్గురు స్త్రీల ప్రస్తావన, చనిపోయిన ఖైదీ కాపరుల పేర్లలో దొరికినన్ని, విండ్రడైన్ పేరు ఉండాలి. శనివారం అని కాదు, విండ్రడైన్ అనే. విరాజురీ వైపు ఏం రాయాలో, ఏ భాషలో రాయాలో వాళ్ల పెద్దలే తేల్చాలి, కౌన్సిల్ కమిటీ కాదు. ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయిన సైనికులను స్మరించుకునే ఆన్‌జాక్ డే పరేడ్‌లో మన సంఘాలవాళ్లు గలీపోలీలో పోరాడిన భారత సైనికుల పేరు చెప్పుకుంటూ పూలగుత్తి పట్టుకుని గర్వంగా నడుస్తారు. నడవాల్సిందే. ఆ సంఘాలే ఆగస్టు 14న బాథర్‌స్ట్‌కు ఒక బస్సు కూడా వేస్తే బాగుంటుంది. పిక్నిక్‌లకు వేస్తూనే ఉన్నాం కదా.